అతిగా తినడం, ఆపుకోలేక తినడం: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికి వచ్చిన మనిషిని పస్తు పంపడం మన దగ్గర పెద్ద తప్పు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళకు ఎవరొచ్చినా అన్నం పెట్టి పంపిన నేల ఇది. ఆ గుణం మీద నాకు చాలా గౌరవం ఉంది, దాన్ని తక్కువ చేసే మాట ఇక్కడ ఉండదు. కానీ ఇదే నేల మీద, ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా డబ్బాలు తీసి తినేవాళ్లు కూడా ఉన్నారు. తిన్నాక ఏడ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకీ, పెళ్లిళ్ల సీజన్ వస్తే పొట్ట పట్టుకుని తిరిగేవాళ్లకీ కలిపి ఈ జవాబులు రాశాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. మూడో ప్రశ్న మాత్రం అందరూ చదవండి. మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

1. పెళ్లి భోజనంలో పీకల దాకా తినేస్తాను. దాన్నే బింజ్ ఈటింగ్ అంటారా అండి?

కాదండి. విందులో రెండు బూరెలు ఎక్కువ తినడం, ఆదివారం కోడికూర బాగుందని మారు అన్నం పెట్టించుకోవడం అందరూ చేసేదే. కాసేపు ఆయాసం, ఓ కునుకు, అంతటితో మర్చిపోతారు. అది అతిగా తినడం.

బింజ్ ఈటింగ్ వేరు. గంటా రెండు గంటల్లోనే, ఆ పరిస్థితిలో మామూలుగా ఎవరూ తిననంత తినేస్తారు. తింటున్నంతసేపూ 'ఆపాలి' అనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆగదు. ఈ ఆగకపోవడమే అసలు గుర్తు. చాలామందికి ఆ సమయంలో రుచి కూడా తెలియదు. డబ్బాలో అరిసెలు అయిపోతే పంచదార, అదీ లేకపోతే పొద్దుటి చల్లటి అన్నం, ఏది దొరికితే అది. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ డాక్టరు 1959లోనే ఇలాంటి తిండి గురించి రాశాడు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ఒక విడి జబ్బుగా తన మానసిక జబ్బుల జాబితా పుస్తకంలో చేర్చింది. కాబట్టి 'నీకు నోరు కట్టుకోవడం చేతకాదు' అని ఎవరైనా అంటే, వాళ్లకు విషయం తెలియదని అర్థం చేసుకోండి.

2. నాది ఏదో నాకెలా తెలుస్తుంది?

డాక్టర్లు చూసే గుర్తులు ఇవి: మామూలు కంటే చాలా వేగంగా తినడం, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, ఆకలి లేకుండానే ఎక్కువెక్కువ తినడం, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడి ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం వేయడం. పట్టు తప్పి తినేటప్పుడు వీటిలో కనీసం మూడు ఉండి, అది వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలుగా జరుగుతుంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని అనుమానించాలి. తేల్చి చెప్పాల్సింది మాత్రం డాక్టరే. అన్ని గుర్తులూ కలవలేదు కాబట్టి నాకు సాయం అక్కర్లేదని అనుకోవద్దు. నెలకు రెండుసార్లు జరిగినా, అది మిమ్మల్ని బాధపెడుతుంటే సాయం అడగొచ్చు.

తిన్నదంతా వేలు పెట్టి కక్కేయడం, విరేచనాల మాత్రలు మింగడం కూడా ఉంటే అది బులీమియా కావచ్చు. కక్కడం వల్ల ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ పరిస్థితిలో ఇవన్నీ చదువుతూ కూర్చోకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకో మాట. ఇది లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోవడం తప్పు. సన్నగా ఉన్న కాలేజీ పిల్లలకీ, మీసాలు నెరసిన మగవాళ్లకీ వస్తుంది.

3. పగలంతా నోరు కట్టేసుకుంటాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి అంతా తలకిందులైపోతుంది. నాలో లోపం ఏమిటి?

మీలో లోపం లేదండి. పగలు నోరు కట్టేసుకోవడమే రాత్రి జరిగేదానికి కారణం.

మన ఇళ్లలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. పొద్దున్నే 'రాత్రి ఎక్కువ తిన్నాను' అని టిఫిన్ మానేస్తారు. టీతో పదకొండు దాకా నెట్టుకొస్తారు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, లేదా గుప్పెడు అన్నం. నాలుగింటికి తల దిమ్మెక్కినా ఇంకో టీ తాగి ఊరుకుంటారు. ఏడింటికి పిల్లల కోసం జంతికల డబ్బా మూత తీస్తారు. అక్కడి నుంచి మనసు చెప్పిన మాట చెయ్యి వినదు. పది గంటలకు ఒళ్లంతా బరువు, మనసంతా నేరం చేసిన భావం. 'రేపు అసలేమీ తినను' అని ఒట్టు పెట్టుకుని పడుకుంటారు. మర్నాడు మళ్లీ టిఫిన్ ఉండదు.

ఆ ఒట్టే ఈ చక్రాన్ని తిప్పుతోంది. శరీరానికి మీరు డైట్‌లో ఉన్నారో, కరువులో ఉన్నారో తేడా తెలియదు. తిండి తగ్గిందనగానే ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్లందరూ తమ ఇష్టంతో వచ్చినవాళ్లే. తిండి గురించి అంతకుముందు ఎప్పుడూ పట్టించుకోనివాళ్లు వంటల పుస్తకాలు పోగు చేసుకోవడం మొదలుపెట్టారు, కలల్లో కూడా భోజనమే. ప్రయోగం ముగిసి మళ్లీ తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా కడుపు నిండలేదన్నారు, తిని తిని జబ్బు పడినవాళ్లున్నారు. వాళ్లెవరికీ మనోబలం తక్కువేం కాదు. ఆకలితో ఉన్న ఒళ్లు చేసే పని అది.

కాబట్టి రాత్రి తిండి ఆగాలంటే మొదట మార్చాల్సింది పొద్దుటి టిఫిన్. ఈ సమస్యకు ఇచ్చే చికిత్సల్లో కూడా మొదటి మెట్టు ఇదే: వేళకు తినడం. మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిన్న తిండ్లు, దేనికీ దేనికీ మధ్య నాలుగు గంటలకు మించి ఖాళీ లేకుండా. ఆకలి వేసినా వేయకపోయినా, రాత్రి ఎంత తిన్నా సరే. 'ఇలా తింటే ఇంకా లావెక్కిపోతాను' అని భయం వేస్తుంది, నాకు తెలుసు. లెక్క చూసుకుంటే ఆ ఒక్క రాత్రి తిండే మీరు పగలు మానేసిన దానికంటే ఎక్కువ కావచ్చు.

4. 'ఒక పూట తిన్నవాడు యోగి, రెండు పూటలా తిన్నవాడు భోగి, మూడు పూటలా తిన్నవాడు రోగి' అని మా మావయ్యగారు రోజూ అంటారు. మీరేమో ఐదుసార్లు తినమంటున్నారు!

యోగి సంగతి యోగులకు వదిలేద్దాం. ఒక పూట తిని సుఖంగా ఉండి, మిగతా రోజంతా తిండి ధ్యాస లేకుండా పని చేసుకోగలిగితే మావయ్యగారి పద్ధతిని నేను కాదనను. ఆయనకు అది పడింది. మీకు మాత్రం ఒక పూట మానితే రెండో పూట పట్టు తప్పుతోంది కదా. పట్టు తప్పేవాళ్లకు ఆ సామెత వైద్యం కాదు. ఆయనతో వాదన పెట్టుకోవద్దు, 'డాక్టరు గారు వేళకు తినమన్నారండి' అంటే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

5. మరి రోజంతా ఏం తినాలో మన తిండితోనే చెప్పండి. ఓట్స్, క్వినోవా నా వల్ల కాదు.

అవేం అక్కర్లేదు. పొద్దున్న ఎనిమిదికి మూడు ఇడ్లీలు, లేదా పెసరట్టు, లేదా చద్దన్నంలో పెరుగు వేసుకుని ఉల్లిపాయ నంజుకోండి. మినప రొట్టె చేసుకున్న రోజు ఓ ముక్క రొట్టె, పక్కన చట్నీ. పెసరట్టు ఉప్మా తినే రోజు ఉప్మా కొంచెం తగ్గించుకుంటే చాలు. పదకొండుకు ఓ జామకాయ లేదా గ్లాసు మజ్జిగ. ఒంటిగంటకు భోజనం. సాయంత్రం నాలుగున్నరకు తప్పకుండా ఏదో ఒకటి: ఉడకబెట్టిన వేరుసెనగకాయలు, సెనగల గుగ్గిళ్లు, సీజన్‌లో తేగలు, లేకపోతే ఉడకబెట్టిన గుడ్డు. రాత్రి ఎనిమిదికి భోజనం.

వీటిలో ఒక్కటే గట్టిగా పట్టుకోగలనంటే సాయంత్రం నాలుగున్నర తిండిని పట్టుకోండి. రాత్రి జారిపోయేవాళ్లు ఎక్కువమంది మధ్యాహ్నం ఒంటిగంటకీ రాత్రి తొమ్మిదికీ మధ్య టీ బిస్కెట్లతో గడిపేవాళ్లే.

6. అన్నం మానేస్తే సరిపోతుందా?

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి డెల్టాలో వరి మన ఒంట్లో భాగం అయిపోయింది. అన్నం పూర్తిగా మానేస్తానన్నవాళ్లు కొన్నాళ్లు నిలబడి, ఆ తర్వాత ఒక్క రోజే గిన్నెడు తినేస్తారు. 'ఇది నిషేధం' అని పెట్టుకున్న వస్తువే బింజ్‌లో ముందు చేతికి వస్తుంది. అందుకే ఏ పదార్థాన్నీ పూర్తిగా మానమని నేను చెప్పను.

మార్చాల్సింది కంచంలో వరుస. మనం ముందు అన్నం గుట్టగా పెట్టుకుని, దానికి సరిపడా కూర కలుపుతాం. అన్నం మిగిలితే ఇంకొంచెం పచ్చడి, పచ్చడి మిగిలితే ఇంకొంచెం అన్నం. అలా కాకుండా కూర ముందు వడ్డించుకోండి, కంచంలో సగం దాకా: ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర, కంద బచ్చలి, ఏదైనా సరే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లే. ఆ తర్వాత గట్టి పప్పో, చేపో, గుడ్డో. మిగిలిన చోటులో అన్నం. పెరుగన్నానికి కొంచెం అట్టే పెట్టుకోండి, పెరుగు ముద్ద లేకుండా లేస్తే మనవాళ్లకు భోజనం చేసినట్టే ఉండదు, కాసేపటికి మళ్లీ ఏదో వెతుక్కుంటారు.

7. బంతి భోజనాల్లో ఆకలి తీరిపోయినా ఎందుకు తినగలుగుతాం?

రకాలు మారుతుంటాయి కాబట్టి. ఒకే పదార్థం తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గుతుంది, అదే సమయంలో కొత్త రుచి వస్తే ఇష్టం మళ్లీ మొదలవుతుంది. 1980ల మొదట్లో బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి దీన్ని ప్రయోగాల్లో చూపించింది. ఒకే రకం పెట్టినప్పటి కంటే నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం ఎక్కువ తిన్నారు. మన ఆకు మీద నాలుగు కాదు కదా! పులిహోర, బూరె, గారె, పనసపొట్టు కూర, గుత్తి వంకాయ, పప్పు, సాంబారు, ఆవకాయ, అప్పడం, ఐస్‌క్రీమ్. కారం తర్వాత తీపి, తీపి తర్వాత పులుపు. అలా ప్రతిదానికీ నోట్లో కొత్తగా చోటు పుడుతూనే ఉంటుంది.

ముహూర్తం భోజనం రెండున్నరకు గానీ దొరకదు కాబట్టి పొద్దున్నే టిఫిన్ మానేసి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మామూలుగా తిని వెళ్లండి. ఆకు ముందు కూర్చున్నాక వడ్డన మొత్తం ఓసారి చూడండి. ఇంట్లో రోజూ దొరికేవి వదిలేసి, ఆ రోజు నిజంగా తినాలనిపించినవి మూడో నాలుగో ఎంచుకుని వాటిని తీరిగ్గా తినండి. మిగతావి రుచికి ఒక్క ముద్ద, లేదా అసలు వద్దనండి. కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూ తినేవాడికి ఆ సమయం దొరుకుతుంది. బఫే అయితే ప్లేటు పట్టుకుని వంటకాల దగ్గరే నిలబడకుండా కుర్చీ చూసుకుని దూరంగా కూర్చోండి.

8. కొసరి కొసరి వడ్డిస్తుంటే వద్దని ఎలా చెప్పాలండి? అత్తారింట్లో మరీ కష్టం.

సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడి ముందు వంద రకాలు, రెండు వందల రకాలు పెట్టి ఫొటోలు తీసే ఆనవాయితీ భీమవరం, నరసాపురం వైపు ఇప్పుడు బాగా పెరిగింది. అవన్నీ తినమని ఎవరూ అనుకోరు, అల్లుడు గారూ అనుకోకూడదు. ముచ్చట తీర్చడానికి కొన్ని రుచి చూస్తే చాలు.

వద్దనడంలో మన దగ్గర ఒక మర్యాద ఉంది. మొదటిసారి వద్దంటే మొహమాటం అనుకుంటారు, మళ్లీ వేస్తారు. అందుకని వేయకముందే మెచ్చుకోండి: 'గోంగూర అద్భుతంగా కుదిరిందండి, రెండుసార్లు వేసుకున్నాను, ఇక చాలండి.' అంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి. మాటతో పాటు చెయ్యి అడ్డం ఉంటే వడ్డించేవాళ్లు ఆగుతారు. 'అదేంటి బాబూ, మా వంట నచ్చలేదా?' అంటే, 'నచ్చబట్టే ఇంటికి కొంచెం కట్టిపెట్టండి అత్తయ్యగారూ, రేపు తింటాను' అనండి. పెట్టాలన్న ఆవిడ కోరిక తీరుతుంది, మీ కడుపూ బాగుంటుంది. డైటింగ్ అన్న మాట మాత్రం ఎత్తకండి, బంతి మొత్తం మీ ఒంటి గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది.

వడ్డించేవాళ్లకూ నా విన్నపం: ఒకసారి అడగండి, ఇంకోసారి అడగండి. మూడోసారి ఆ మనిషి మాట నమ్మండి.

9. పండక్కి చేసిన పిండివంటలు ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు.

ఎదురుగా ఉన్న తిండిని రోజంతా వద్దనుకుంటూ బతకడం ఎవరికైనా కష్టమే. అరిసెలు, సున్నుండలు, జంతికలు స్టీలు డబ్బాల్లో పెట్టి అటక మీదో, లోపలి గది బీరువాలోనో ఉంచండి. వంటింటి గట్టు మీద గాజు సీసాలో వద్దు. డబ్బాలోంచి నేరుగా తినడం అనే అలవాటు ఒక్కటి మానండి. రెండు అరిసెలు చిన్న ప్లేటులో పెట్టుకుని, మూత పెట్టి, డబ్బా లోపల పెట్టేసి వచ్చి, కూర్చుని తినండి. సాయంత్రం తిండిగా తింటే ఇంకా మంచిది, దొంగతనంగా తిన్న భావం ఉండదు.

చేసేటప్పుడే సగం పంచేయండి. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు, పక్కింటివాళ్లకు, ఇంట్లో పనిచేసేవాళ్లకు.

'ఏడాదికోసారి వచ్చేది కదా' అన్న మాట కూడా చూసుకోండి. సంక్రాంతికి అరిసె, ఎండల్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి, వరదనీటికి పులస, కార్తీకంలో వనభోజనాలు. ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఏడాదికోసారి వస్తూనే ఉంటుంది. వాటిని వదులుకోమని నేననను, వచ్చినప్పుడు శ్రద్ధగా తినండి. ఇవాళే ఆఖరు అన్నట్టు తినకండి. ఆత్రేయపురం పూతరేకు, తాపేశ్వరం కాజా ఇప్పుడు ఏ నెలలో కావాలన్నా దొరుకుతాయి.

10. కంచంలో వదిలేస్తే పాపం కదా. అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటారు.

నేనూ పారేయమనను. కానీ ఆకలి లేని కడుపులోకి తోసినంత మాత్రాన ఆ అన్నానికి గౌరవం దక్కదు. ఈ బాధ ఎక్కువగా అమ్మలది. పిల్లలు వదిలేసిన అర ఇడ్లీ, అడుగున మిగిలిన కూర, పొద్దుటి ఉప్మా అన్నీ తమ కడుపులోకే వెళ్తాయి, అదీ తాము భోంచేశాక. దీనికి మందు వంటలోనే ఉంది: అరగ్లాసు బియ్యం తక్కువ పొయ్యండి, పిల్లలకు కొంచెం పెట్టి అడిగితే మళ్లీ పెట్టండి. అయినా మిగిలితే ఫ్రిజ్‌లోకో, పశువులకో. రేపటి చద్దన్నానికి నీళ్లు పోసి ఉంచడం మన అమ్మమ్మలు చేసిందే.

11. టీవీ చూస్తూ తింటే ఏమవుతుంది?

ఎంత తిన్నారో గుర్తుండదు. కడుపు చెప్పేది వినబడదు. కనీసం రాత్రి భోజనం ఫోన్ లేకుండా తినండి.

12. ప్యాకెట్ తిండి తింటే తప్పేంటి?

తప్పని కాదు, జాగ్రత్త పడమంటాను. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు వంటతో చేసిన తిండి పెట్టాడు. రెండింటిలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు దాదాపు సమానంగా ఉండేలా చూశారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు. చిప్స్ నమలక్కర్లేకుండానే కరిగిపోతాయి, జంతిక నమలాలి. రాత్రి పదింటికి ఫోన్‌లో ఆర్డర్ పెట్టే అలవాటుంటే ఆ యాప్ తీసేయండి. మళ్లీ ఎక్కించుకోవడానికి పట్టే నాలుగు నిమిషాల్లో మనసు మారే అవకాశం ఉంది.

13. టెన్షన్ వస్తే తినేస్తాను. అది ఆకలో, టెన్షనో ఎలా తెలుసుకోవడం?

కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, పెరుగన్నం పెట్టినా తీరుతుంది. టెన్షన్ ఆకలి ఒక్కసారిగా వస్తుంది, ఫలానాదే కావాలంటుంది, తిన్నా తీరదు. అయితే మూడో ప్రశ్నలో చెప్పినట్టు పగలు తినకపోతే ఈ రెండూ కలిసే వస్తాయి, విడదీయలేరు. అందుకే వేళకు తినడం ముందు, ఈ పరీక్ష తర్వాత.

తినాలన్న ఆ తహతహ అంతర్వేది దగ్గర సముద్రపు పోటులాంటిది. పెరుగుతుంది, పెరుగుతూనే ఉంటుందనిపిస్తుంది, కాసేపటికి దానంతటదే తగ్గిపోతుంది. చాలామందికి ఇరవై ముప్పై నిమిషాలు. ఆ సమయాన్ని గడపడానికి ముందే ఒక జాబితా రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి, అప్పటికప్పుడు ఏమీ తోచదు. చెల్లెలికి ఫోన్, కాలవ గట్టు మీద నడక, తలంటు స్నానం, మొక్కలకు నీళ్లు, మేడ మీద బట్టలు తియ్యడం. వంటింటికి దూరంగా ఉండే పనులు, చేతులకు పని ఉండే పనులు. టెన్షన్ పోగొట్టడం వీటి పని కాదు, ఆ అరగంట దాటించడమే. అరగంట తర్వాత కూడా తినాలనిపిస్తే కంచంలో పెట్టుకుని కూర్చుని తినండి, అది ఓటమి కాదు.

ఒక చిన్న నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. కేలరీలు రాయకండి. ఎన్ని గంటలకు, ఏం తిన్నారు, ఎక్కడ, అప్పుడు మనసులో ఏముంది, అంతే. రెండు వారాలు రాస్తే మీకే కనిపిస్తుంది: ఫలానా వ్యక్తి ఫోన్ చేసిన రోజు, నెలసరికి ముందు వారం, ధాన్యం డబ్బులు పడని రోజులు.

14. నిన్న రాత్రి మళ్లీ జరిగిపోయింది. ఇవాళ ఏం చేయాలి?

టిఫిన్ చెయ్యండి. ఇవాళ చేయాల్సిన అతి ముఖ్యమైన పని అదే. ఆకలి లేకపోతే ఒక ఇడ్లీ అయినా సరే. లంఖణం వద్దు, రెండు గంటల నడకతో శిక్ష వద్దు, తూకం మిషన్ ఎక్కడం వద్దు. నిన్న తిన్న ఉప్పుకి, నీటికి ఇవాళ కిలో ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి మళ్లీ పస్తు మొదలుపెడతారు. బరువు చూసుకోవాలంటే వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళ. తర్వాత నోటు పుస్తకం తీసి నిన్నటి రోజంతా రాయండి, రాత్రి సంగతి ఒక్కటే కాదు, పొద్దుటి నుంచి.

15. ఉపవాసాలు ఉండొచ్చా?

బింజ్ సమస్య ఉన్నంత కాలం ఉండొద్దనే నా సలహా. కార్తీక సోమవారం చుక్కలు కనిపించేదాకా ఉండి, ఆ తర్వాత పులిహోర, గారెలతో పట్టు తప్పడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఉపవాస ప్రార్థనలైనా, రంజాన్ రోజా అయినా ఇదే మాట. ఆరోగ్యం బాగోలేనివాళ్లకు మన ఆచారాలన్నీ సడలింపు ఇచ్చాయి, మీరూ ఆ లెక్కలోకే వస్తారు. దీపం పెట్టండి, గుడికి వెళ్లండి, ఎవరికైనా అన్నం పెట్టండి. ఏదో ఒకటి పాటించాలనే ఉంటే పాలు, పండ్లు వేళకు తీసుకుంటూ ఉండండి.

16. నాది రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. తెల్లవార్లూ ఏదో ఒకటి నములుతూనే ఉంటాను.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర మెలకువగా ఉండక తప్పదు, ఆ కష్టం నాకు అర్థమవుతుంది. నిద్ర తగ్గితే ఆకలి హార్మోన్లు పెరుగుతాయి, తీపి, వేపుళ్ల మీదికే మనసు పోతుంది. అందుకని రాత్రినే మీ పగలు అనుకుని భోజనాలు పెట్టుకోండి. ఎనిమిదికి ఇంట్లో భోజనం, పన్నెండుకు క్యారేజీలో పెరుగన్నం, ఒక గుడ్డు, నాలుగింటికి గుగ్గిళ్లు. షెడ్డులో మిక్చర్ ప్యాకెట్లు ఉంచుకోకండి. ఉదయం తేలిగ్గా టిఫిన్ తిని, గది చీకటి చేసుకుని ఆరేడు గంటలు నిద్రపోండి. నర్సులకు, రాత్రి బస్సులు నడిపేవాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

17. షుగర్ ఉంది. ఒక్కోసారి చెమటలు పట్టి, చేతులు వణికి, కనిపించిందల్లా తినేస్తాను.

అది బింజ్ కాకపోవచ్చు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో షుగర్ పడిపోతుంది, అప్పుడు ఒళ్లు తిండి కోసం అరుస్తుంది. వీలైతే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. తర్వాత ఏదైనా తినండి. ఇది రెండోసారి జరిగితే డాక్టరును కలిసి మందు మోతాదు మాట్లాడండి, మీ అంతట మీరు మార్చుకోవద్దు.

కొన్ని మందులు ఆకలిని పెంచుతాయి కూడా: స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు ఇచ్చే ఒలాంజపిన్, మిర్టాజపిన్ లాంటివి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఆకలి పెరుగుతుంది. ఆకలి ఉన్నట్టుండి మారిపోతే ఈ సంగతి కూడా డాక్టరును అడగండి.

18. ఆకలి చంపే పౌడర్లు, టీలు వాడొచ్చా?

వద్దు. అందులో ఏముందో మీకు తెలియదు. ఆకలిని నొక్కేస్తే మళ్లీ మూడో ప్రశ్నకే వస్తారు.

19. మా అబ్బాయి డబ్బాలు ఖాళీ చేస్తున్నాడు. తాళం వేయమంటారా?

వేయకండి. తాళం వేస్తే తిండి బయటికి మారుతుంది, దాచుకుని తినడం నేర్చుకుంటాడు. 'బండోడా' అని ముద్దుగా అన్నా సరే, చుట్టాల ముందు 'వీడు ఎంత పెట్టినా తినేస్తాడండి' అని నవ్వినా సరే, పిల్లల మనసులో అది చాలా ఏళ్లు ఉంటుంది. మార్కులొస్తే ఐస్‌క్రీమ్, ఏడిస్తే చాక్లెట్ అనే లెక్క కూడా తగ్గించండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దవాళ్లు చూసుకోండి, ఎంత తినాలో వాడి కడుపుకు వదలండి. 'ఇంకొక్క ముద్ద, నాన్న పేరు చెప్పి' అని కుక్కడం కూడా ఇందులోకే వస్తుంది. వాడితో ఒంటరిగా కూర్చుని స్కూల్లో ఎలా ఉందో అడగండి, తిండి గురించి కాదు.

భార్యకో, భర్తకో, అమ్మకో ఈ సమస్య ఉంటే కూడా ఇంతే. కంచం వైపు చూడకండి. 'నీకేం కావాలి, నేనేం చెయ్యను?' అని అడిగి, వాళ్లు చెప్పింది చేయండి. వేళకు కలిసి కూర్చుని తినడం కంటే పెద్ద సాయం లేదు.

20. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఎవరి దగ్గరికి?

వారానికోసారైనా పట్టు తప్పుతుంటే, కక్కుతుంటే, దీనివల్ల బయటికి వెళ్లడం మానేస్తే, బతకాలని లేదన్న ఆలోచన వస్తే వెంటనే. వెళ్లాల్సింది మానసిక వైద్యుడి దగ్గరికి, లేదా క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి. పిచ్చికి చూసే డాక్టరని వెనకాడకండి. ఈ సమస్యకు బాగా పనిచేస్తుందని రుజువైన చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అది వాళ్ల దగ్గరే ఉంటుంది. వేళకు తినడం, నోటు పుస్తకం రాయడం, తహతహను దాటించడం, ఒంటి గురించి మన ఆలోచనలు మార్చుకోవడం అందులో భాగాలు. డిప్రెషన్ కూడా ఉంటే మందులు ఇస్తారు. డైటీషియన్ కూడా తోడుంటే మేలు, కానీ రాగానే 1,200 కేలరీల చార్ట్ చేతిలో పెట్టే డైటీషియన్ వద్దు.

కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే, ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు.

వెళ్లేటప్పుడు నోటు పుస్తకం, వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్లండి. ఎదురుగా కూర్చున్నాక నోరు పెగలకపోతే ముందే ఒక కాగితం మీద 'నేను తినడం మొదలుపెడితే ఆపుకోలేకపోతున్నాను, ఎంతకాలంగా అంటే...' అని రాసి, అది చేతికివ్వండి. మిగతా ప్రశ్నలు డాక్టరు గారే అడుగుతారు.